హల్లా రొట్టె పాయల మధ్య చీలిపోతోంది: కారణం ఏమై ఉంటుంది?

1. పాయలజడ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. యూదులు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే తమ విశ్రాంతి దినమైన షబ్బాత్ కోసం చేసుకునే హల్లా అనే రొట్టెను ఇంట్లో చేయాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఒకే తప్పు జరిగింది. అల్లినప్పుడు చూడముచ్చటగా ఉన్న జడ, ఓవెన్‌లోకి వెళ్లిన పదిహేను నిమిషాలకే పక్కల చీలి, లోపలి తెల్లటి పిండి బయటికి తన్నుకొస్తోంది. పైభాగం దాదాపు మాడిపోతోంది, కోసి చూస్తే నడిమి భాగం మాత్రం ఇంకా తడిగానే ఉంటోంది.

నా కొలతలు ఇవి: మైదా 500 గ్రాములు, గుడ్లు 3, వెన్న 100 గ్రాములు, చక్కెర 100 గ్రాములు, గోరువెచ్చని పాలు 150 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 10 గ్రాములు, ఉప్పు ఒక చెంచా. ఏడెనిమిది నిమిషాలు పిసికి, గంటసేపు పొంగనిచ్చి, మూడు పాయలుగా ఒకటే పెద్ద రొట్టె అల్లి, మరో ఇరవై నిమిషాలు ఆగి, 200 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు కాల్చాను. మాది 28 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్.

మా అమ్మాయి సహోద్యోగి ఒకరు యూదు మతస్థులు. ఆయన వచ్చే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఈ రొట్టె ఆకారానికీ, అందులో వేసే వస్తువులకూ అర్థాలున్నాయని విన్నాను. తెలియక ఏదో చేసి అతిథిని ఇబ్బంది పెట్టకూడదన్నది నా ఉద్దేశం. అందువల్ల పిండి సంగతితో పాటు ఆచారం సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

2. ఓటీజీ_ప్రయోగశాల (విజయవాడ)

పాయలజడ గారూ, మీరు కొలతలన్నీ రాసినందువల్ల కారణం వెతకడం తేలికైంది. మీ రొట్టెకు వచ్చిన జబ్బులు నిజానికి మూడు, అవి ఒకదాన్నొకటి పెంచుతున్నాయి.

మొదటిది, అల్లిన తరువాత ఇరవై నిమిషాలే ఆగడం. ఈ పిండిలో చక్కెర, కొవ్వు ఎక్కువ. రెండూ ఈస్ట్ పనిని నెమ్మదింపజేస్తాయి. పూర్తిగా పొంగని జడను వేడి ఓవెన్‌లో పెడితే, మిగిలిపోయిన పొంగంతా ఒక్కసారిగా అక్కడే జరుగుతుంది. అప్పటికే పైపొర గట్టిపడి ఉంటుంది కనుక, బలహీనమైన చోటు, అంటే రెండు పాయలు కలిసే సందు, తెగిపోతుంది. గడియారం చూసి కాక వేలితో నొక్కి చూసి నిర్ణయించండి. నొక్కిన గుంట వెంటనే పూడిపోతే ఇంకా సమయం కావాలి, నెమ్మదిగా సగం వరకు పూడి ఆగితే ఓవెన్‌కు సిద్ధమైనట్టు, అసలు కదలకపోతే ఆలస్యమైనట్టు.

రెండవది వేడి. హల్లాకు 200 డిగ్రీలు ఎక్కువ. గుడ్డు, చక్కెర కలిసిన పిండి చాలా త్వరగా రంగు తిరుగుతుంది. చిన్న ఓటీజీలో పై కడ్డీ రొట్టెకు నాలుగు వేళ్ల దూరంలో ఉంటుంది కాబట్టి పైన మాడడం, లోపల పచ్చిగా ఉండడం తప్పదు. 175 డిగ్రీలకు తగ్గించి, ట్రేను కింది అరలో పెట్టి, రంగు రాగానే పైన ఫాయిల్ కప్పండి. ఓటీజీ మీది అంకెలను నేను నమ్మను. మా ఇంటి ఓవెన్‌లో 180 అని తిప్పితే లోపల పెట్టిన ఉష్ణమాపకం 205 చూపించింది. ఆ చిన్న పరికరం కొన్నాకే నా రొట్టెలు బాగుపడ్డాయి.

మూడవది మైదా. అమెరికా వంటపుస్తకాలు చెప్పే బ్రెడ్ పిండిలో మాంసకృత్తులు 12 నుంచి 13 శాతం వరకు ఉంటాయి. మన బజారు మైదాలో సాధారణంగా 10 శాతం దగ్గరే. అందుచేత అది అంత వెన్నను, అంత చక్కెరను మోయలేదు. 500 గ్రాముల మైదాకు 15 గ్రాముల గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే గోధుమ మాంసకృత్తు) పొడి కలిపితే తేడా మీకే తెలుస్తుంది. ఆ పొడి దొరకకపోతే చక్కెర, కొవ్వు తగ్గించి ఇంకొంచెం ఎక్కువసేపు పిసకండి.

నేను వాడే కొలత ఇది. మైదా 500 గ్రాములు, గ్లూటెన్ 15, చక్కెర 55, ఉప్పు 9, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, నూనె 50 మి.లీ., గుడ్లు 2, చల్లని నీరు 150 నుంచి 165 మి.లీ. వరకు. పైన పూయడానికి మరో గుడ్డు. పిండి చపాతీ ముద్దకన్నా కొద్దిగా మెత్తగా ఉండాలి, చేతికి అంటుకోకూడదు. పన్నెండు నిమిషాలు పిసికాక చిన్న ముక్కను సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించేంత పలుచని పొర రావాలి.

3. రమత్‌గన్_వంటిల్లు (ఇజ్రాయెల్)

నమస్కారమండీ. మాది కోనసీమ. పదకొండేళ్లుగా ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పని చేస్తున్నాను. నేను చూసుకునే పెద్దావిడను అందరిలాగే సవ్తా అంటాను, అంటే మన అమ్మమ్మ, నానమ్మ అన్నమాట. ఆవిడ చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి శుక్రవారం హల్లా పని నాదే. ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతారు, నేను చేస్తాను.

పైన విజయవాడ వారు చెప్పిన కొలతలో పాలు, వెన్న లేకపోవడం గమనించారా? అది రుచి కోసం చేసిన మార్పు కాదు. యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసాన్నీ పాల పదార్థాలనూ ఒకే భోజనంలో తినకూడదు. శుక్రవారం రాత్రి భోజనంలో సాధారణంగా కోడి కూరో మాంసమో ఉంటుంది. రొట్టెను అన్నిటితోనూ తింటారు కనుక, పాలతో పిండి కలిపితే ఎవరైనా మరచిపోయి మాంసంతో తినే ప్రమాదం ఉందని, మామూలు రొట్టెలో పాలు కలపడాన్నే వారి ధర్మశాస్త్రం నిషేధించింది. అందుకే హల్లాలో నూనె, నీరు మాత్రమే వాడతారు. మీరు వెన్న వేసి చేసినది మంచి రొట్టే కావచ్చును గాని, ఆ బల్ల మీద పెట్టదగిన హల్లా కాదు.

ఇంకొక మాట, గుడ్లను తిన్నగా పిండిలో కొట్టవద్దు. ఒక్కొక్కదాన్ని గాజు గ్లాసులో కొట్టి, నెత్తుటి చుక్క ఉందేమో చూసి, ఉంటే పారవేయాలి. పిండిని తప్పకుండా జల్లించాలి, పురుగు ఉండకూడదు. మొదట్లో సవ్తా గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తుంటే నాకు చాదస్తమనిపించేది. ఇప్పుడు మా ఊరు వెళ్లినా ఆమ్లెట్‌కు కూడా గ్లాసు కోసం వెతుకుతున్నాను.

4. శాకాహారి_పొయ్యి (తిరుపతి)

గుడ్డు లేకుండా చేస్తే దానిని హల్లా అనవచ్చునా? మా ఇంట్లో గుడ్డు రాదు. అంతర్జాలంలో ఉన్న పద్ధతులన్నీ గుడ్డు లేనిదే కుదరదన్నట్టుగా రాస్తున్నాయి.

5. గ్రంథాల_మూల (గుంటూరు)

నిస్సంకోచంగా అనవచ్చును. గుడ్డు, తీపి ఎక్కువగా ఉండే హల్లా ప్రధానంగా తూర్పు, మధ్య యూరప్‌లోని అష్కెనాజీ యూదుల సంప్రదాయం. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదులు చాలామంది గుడ్డు లేని, తీపి తక్కువైన రొట్టెనే షబ్బాత్‌కు వాడతారు, దానికొక కారణం కూడా ఉంది. రొట్టెకు చెప్పే ఆశీర్వచనం వేరు, తీపి పిండివంటలకు చెప్పేది వేరు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథం ప్రకారం, పిండిలో తీపి రుచి తెలిసిపోతే అది పిండివంటల కోవలోకి చేరుతుంది. క్రాకోవ్ నగరపు పండితుడు మోషే ఇస్సెర్లెస్ అదే గ్రంథానికి రాసిన వ్యాఖ్యలో, తీపి బాగా ఎక్కువై అదే ప్రధానమైతే తప్ప రొట్టె రొట్టేనన్నాడు. ఆయనను అనుసరించే అష్కెనాజీలకు తియ్యని హల్లా సమ్మతమైంది, కారోను అనుసరించే సెఫార్దీలకు నీటి హల్లా మిగిలింది. జర్మనీ యూదులు బెర్కెస్ అనే పేరుతో చేసుకునే రొట్టెలో కూడా గుడ్డు ఉండదు, ఉడికించిన బంగాళాదుంప కలుపుతారు, పైన గసగసాలు చల్లుతారు.

కాబట్టి తిరుపతి వారు కుదించిన హల్లా చేస్తున్నామని చిన్నబుచ్చుకోనవసరం లేదు.

ఇక పేరు సంగతి. హీబ్రూలో మొదటి అక్షరం గొంతు లోపలి నుంచి వస్తుంది, మన ‘హ’కూ ‘ఖ’కూ నడుమ ఉంటుంది. బైబిల్‌లో హల్లా అన్న మాటకు ఈ జడ రొట్టె అన్న అర్థం లేదు. సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో, మీరు కలిపే పిండిలోని మొదటి ముద్దను దేవునికి ప్రత్యేకించండి అన్న ఆజ్ఞ ఉంది. ఆ తీసి పెట్టిన ముద్ద పేరు హల్లా. దానిని యాజకుడికి ఇచ్చేవారు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చివేశాక ఆ అర్పణను పూర్వపు పద్ధతిలో చెల్లించే వీలు లేకపోయింది. అయినా ముద్దను తీయడం మానలేదు, తీసి కాల్చివేస్తారు. తీసేసిన ముక్క పేరు కాలక్రమంలో మిగిలిన రొట్టెకు వచ్చింది.

జడ అల్లిక మాత్రం చాలా తరువాతి సంగతి. 15వ శతాబ్దం నాటికి దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా ప్రాంతాల యూదులు ఇరుగుపొరుగు జర్మన్లు ఆదివారాలకు చేసుకునే అల్లిక రొట్టెను చూసి, దానిని తమ షబ్బాత్ బల్ల మీదికి తెచ్చుకున్నారు. నలుగురికీ మొదట కంటికి కనబడేది జడే కావచ్చును. శాస్త్రం పట్టించుకునేది మాత్రం ముద్దను, రొట్టెల సంఖ్యను, పాలు కలపని పిండిని. పాయలజడ గారూ, మీ పేరుకు నొప్పి కలిగితే క్షమించండి.

6. పాయలజడ (హైదరాబాద్)

నొప్పి ఏమీ లేదండీ, జడ నేర్చుకోవడానికే ఈ పేరు పెట్టుకున్నాను. అయితే ఆ ముద్దను ఎంత తీయాలి? మన ఇళ్లలో వండగానే కాకికో ఆవుకో మొదటి ముద్ద పెట్టడం లాంటిదేనా?

7. రమత్‌గన్_వంటిల్లు (ఇజ్రాయెల్)

నేను కూడా మొదట అలాగే అనుకుని, తీసిన ముద్దను బాల్కనీలో పిట్టలకు పెట్టబోయాను. సవ్తా గట్టిగా ఆపారు. అది ఎవరి ఆకలీ తీర్చడానికి కాదట, ప్రత్యేకించిన తరువాత దాన్ని ఎవరూ వాడుకోకూడదు. ఆలివ్ పండంత ముక్కను తీసి, ఫాయిల్‌లో చుట్టి, విడిగా మాడేదాకా కాల్చి పారవేస్తాము.

పిండి కొద్దీ రొట్టె అంటారు చూడండి, ఇక్కడ పిండి కొద్దీ నియమం కూడా మారుతుంది. సుమారు 1.2 కిలోలకు తక్కువ పిండి అయితే ముద్ద తీయనవసరం లేదు. అంతకుమించి 1.66 కిలోల వరకు అయితే తీస్తారు గాని ఆశీర్వచనం చెప్పరు. 1.66 కిలోలు దాటితే ఆశీర్వచనంతో తీస్తారు. ఈ లెక్కల్లో పండితుల మధ్య కొద్దికొద్దిగా తేడాలున్నాయి, ఇది మా సవ్తా పాటించే లెక్క. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాల పిండికే ఇది వర్తిస్తుంది. ఆ ఇంట్లో మామూలుగా కిలో పిండే కలుపుతాము. మనుమలు వచ్చే వారం మాత్రం సవ్తా కావాలని రెండు కిలోలు కలిపిస్తారు, ఆశీర్వచనం చెప్పుకోవడానికి. ఆ మాటలు ఆవిడే చెబుతారు, నేను పక్కన నిలబడతాను. అది యూదుల విధి కాబట్టి మీరు 500 గ్రాములతో చేసుకునే రొట్టెకు దాని గురించి ఆలోచించనే అక్కరలేదు.

మీ అతిథి విషయంలో ఒక సలహా ఇస్తాను. ముందే ఆయనను అడగండి. నియమాలు గట్టిగా పాటించేవారైతే శుక్రవారం సూర్యాస్తమయం తరువాత ప్రయాణమే చేయరు. మాంసం, పాలు కలిసిన పాత్రలున్న వంటింట్లో చేసినది ఏదీ తినలేరు, మీ రొట్టె ఎంత శ్రద్ధగా చేసినా సరే. అలాంటివారికి పళ్లు ఇచ్చినా మర్యాదే. ఇక్కడ ఇజ్రాయెల్‌లోనే అంతగా పట్టించుకోనివారు ఎంతోమంది ఉన్నారు, ఆయన వారిలో ఒకరైతే సంతోషంగా తింటారు. అడగడం వల్ల ఎవరూ నొచ్చుకోరు.

8. ఎడారి_వంట (దుబాయ్)

పైన గసగసాలు చల్లుతారని చదివాను. ఇక్కడ దుబాయ్‌లో గసగసాలు నిషిద్ధం, సెలవుకు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టుకుని వచ్చే పొరపాటు ఎవరూ చేయవద్దు. నేను నువ్వులే చల్లాను. వాటికి కూడా ఏదైనా అర్థం ఉందా, లేక అది కేవలం అలంకారమా?

9. గ్రంథాల_మూల (గుంటూరు)

గసగసాలైనా నువ్వులైనా సూచించేది ఒకటే, మన్నా. నిర్గమకాండము 16వ అధ్యాయం ప్రకారం ఐగుప్తు నుంచి బయలుదేరిన ఇశ్రాయేలీయులకు ఎడారిలో ప్రతి ఉదయం మంచుతో పాటు ఆహారం దొరికేది. అది తెల్లగా, కొత్తిమీర గింజలా, అంటే మన ధనియంలా ఉండేదనీ, తేనె కలిపిన అప్పాల రుచి ఉండేదనీ అక్కడ రాసి ఉంది. మిగిల్చుకున్నది మరునాటికి పురుగు పట్టేది. ఆరవ రోజున మాత్రం రెండింతలు దొరికేది, అది పాడయ్యేది కాదు, ఎందుకంటే ఏడవ రోజున ఏరుకోకూడదు. శుక్రవారం బల్ల మీద రెండు రొట్టెలు పెట్టేది ఆ రెండింతల వాటాకు గుర్తుగానే. కింద ఒక బట్ట లేదా పలక, పైన ఒక బట్ట కప్పడం కూడా, మన్నా కిందా పైనా మంచు పొరల నడుమ ఉండేదన్న నమ్మకాన్ని సూచిస్తుంది.

ఆ పై బట్టకు మరో కారణం కూడా చెబుతారు, నాకు అదే ఎక్కువ ఇష్టం. ఆశీర్వచనాల వరుసలో రొట్టె ద్రాక్షారసం కన్నా ముందుండాలి, కాని షబ్బాత్ రాత్రి ద్రాక్షారసానికే మొదటి ఆశీర్వచనం. తన వంతు వెనక్కి పోయినందుకు రొట్టె సిగ్గుపడకుండా దాని ముఖం కప్పుతారట.

ఆరు పాయలతో రెండు రొట్టెలు అల్లితే మొత్తం పన్నెండు పాయలు. లేవీయకాండము 24వ అధ్యాయంలో దేవుని సన్నిధిని బల్ల మీద పెట్టమన్న పన్నెండు రొట్టెలను, పన్నెండు గోత్రాలను అవి తలపిస్తాయని అంటారు. జడ తరువాత వచ్చిందని పైన అన్నాను కదా, అర్థం కూడా దాని వెనుకే వచ్చిందని నా అభిప్రాయం.

10. న్యూజెర్సీ_పెరడు (అమెరికా)

గుంటూరు వారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. ఆకారం తరువాత వచ్చింది కాబట్టి దానికి బరువు తక్కువ అన్నట్టు మీ మాటల్లో ధ్వనిస్తోంది. మా పక్కింటి కుటుంబంలో పండుగ వచ్చిందని పిల్లలకు తెలిసేది రొట్టె ఆకారాన్ని బట్టే. రోష్ హషనా, అంటే వారి కొత్త సంవత్సరం, సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో వస్తుంది. అప్పుడు జడ అల్లరు. పొడవైన ఒకే పాయను జంతికలా గుండ్రంగా చుట్టి, కిస్‌మిస్ వేసి కాలుస్తారు. ఏడాది తిరిగి రావడానికి, దైవ రాజత్వపు కిరీటానికి అది గుర్తు. మామూలు వారాల్లో రొట్టె ముక్కను ఉప్పులో అద్దుకుంటారు, ఆ రోజుల్లో తేనెలో. యోమ్ కిప్పూర్ ఉపవాసానికి ముందు భోజనంలో కొందరు పిట్ట ఆకారంలోనో నిచ్చెన ఆకారంలోనో చేస్తారు. పస్కా పండుగ ముగిసిన తరువాత వచ్చే తొలి షబ్బాత్‌కు తాళంచెవి ఆకారంలో చేసేవారు, లేదా శుభ్రం చేసిన తాళంచెవినే ఫాయిల్‌లో చుట్టి పిండిలో పెట్టి కాల్చేవారు కూడా ఉన్నారు, జీవనోపాధి తలుపులు తెరుచుకోవాలని. అయిదారు వందల ఏళ్లుగా చేతులు అల్లుతూ వచ్చినదాన్ని పైపై ముచ్చట అనలేము.

11. గ్రంథాల_మూల (గుంటూరు)

ఒప్పుకుంటున్నాను, ఉపాధ్యాయుడిగా పనిచేసిన అలవాటు వల్ల ‘మూలం’ అనగానే మిగిలినదాన్ని తోసివేస్తుంటాను. కాకపోతే జడే హల్లా అనుకునేవారి కోసం ఒక మాట చేర్చాలి. యెమెన్ యూదుల షబ్బాత్ రొట్టె కుబానే, మూత బిగించిన గిన్నెలో రాత్రంతా సన్నని సెగ మీద ఉంటుంది. ఇథియోపియా యూదులది గుండ్రటి దాబో. మన దేశంలో కొంకణ తీరపు బెనే ఇశ్రాయేలీయులు నూనె గానుగలు ఆడించేవారు, శనివారం పని మానేవారు కాబట్టి వారికి ‘శనివార్ తేలీ’లు అని పేరొచ్చింది. వారి ప్రత్యేక నైవేద్యం రొట్టె కాదు, అటుకుల్లో కొబ్బరి, తీపి, పండ్లు కలిపి చేసే మలీదా. కోల్‌కతా న్యూ మార్కెట్‌లో బాగ్దాదీ యూదు కుటుంబం ఒకటి 1902లో మొదలుపెట్టిన నాహుమ్ బేకరీలో మాత్రం జడ హల్లా దొరుకుతుంది. మా జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తమను పిలుచుకునే తెలుగు కుటుంబాలు కూడా షబ్బాత్ పాటిస్తాయి.

12. శాకాహారి_పొయ్యి (తిరుపతి)

పై వివరణకు కృతజ్ఞతలు. నిన్న నీటి హల్లా చేశాను. రుచి బాగుంది, కాని గుడ్డు పూత లేనందువల్ల పైభాగం పాలిపోయి, ఉడికించిన కుడుములా కనిపించింది. దీనికి ఉపాయం ఉందా?

13. ఓటీజీ_ప్రయోగశాల (విజయవాడ)

ఉంది. రెండు చెంచాల నీళ్లలో ఒక చెంచా తేనె కలిపి, కాల్చడం పూర్తవడానికి ఎనిమిది నిమిషాల ముందు పూయండి. మొదటే పూస్తే మాడుతుంది. బయటికి తీశాక వేడిగా ఉన్నప్పుడే కొద్దిగా నూనె రాస్తే మెరుపు వస్తుంది. లోపలి రంగు కోసం ఉడికించి మెత్తగా చేసిన తియ్య గుమ్మడి 120 గ్రాములు కలిపి, నీటిని సుమారు 100 మి.లీ. తగ్గించండి. సెఫార్దీలలో గుమ్మడి రొట్టె పాత వంటకమే, కనుక అది మన కల్పన కాదు.

పాయలజడ గారికి ఎండాకాలం గురించి ఒక హెచ్చరిక. మన వంటింట్లో మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉన్నప్పుడు గోరువెచ్చని పాలు పోయడం ఈస్ట్‌ను పరుగెత్తించడమే. ముద్ద పైకి పొంగుతుంది గాని రుచి రాదు, పులిసిన వాసన వస్తుంది. నీటిని ఫ్రిజ్ నుంచి తీసి వాడండి. ఇంకా మంచిది, రాత్రి కలిపి అరగంట బయట ఉంచి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉదయం చల్లగా ఉన్న ముద్ద పాయలుగా సాగదీయడానికి ఎంతో అనువుగా ఉంటుంది.

అల్లిక గురించి కూడా రాస్తాను. పై కొలతతో సుమారు 880 గ్రాముల పిండి వస్తుంది. రెండు రొట్టెలకు 440 చొప్పున పంచి, మూడు పాయలకైతే ఒక్కొక్కటి 145 గ్రాములు, ఆరు పాయలకైతే 73 గ్రాములుగా తూచండి. కంటి అంచనాతో చేస్తే జడ ఒక వైపుకు వాలుతుంది. ఒక్కొక్క ముక్కను నిలువుగా చుట్టి, పది నిమిషాలు వదిలి, అప్పుడు పొడవుగా సాగదీయండి. వెంటనే సాగదీస్తే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. పీట మీద పొడి పిండి చల్లవద్దు, పాయలు జారి పట్టు దొరకదు. అల్లే ముందు పాయలకు కొద్దిగా పొడి పిండి అద్దితే రేఖలు స్పష్టంగా కనబడతాయని కొందరు చెబుతారు గాని, నేను చేయను.

ఆరు పాయలకు సూత్రం ఇది. చివరలన్నీ పైన కలిపి నొక్కి, ఎప్పుడూ కుడివైపు చిట్టచివరి పాయనే పట్టుకోండి. దాన్ని రెండింటి మీదుగా, ఒకదాని కిందుగా, మళ్లీ రెండింటి మీదుగా ఎడమ చివరకు చేర్చండి. మళ్లీ కుడి చివరిది, మళ్లీ అదే వరుస. నాలుగు పాయలకైతే ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా, ఒకదాని మీదుగా. ఆడపిల్లకు జడ వేసినట్టు బిగించి లాగకూడదు. పిండి ఇంకా లావెక్కాలి కనుక పాయల మధ్య సందు వదిలి అల్లాలి. మీ రొట్టె చీలడానికి నాలుగో కారణం ఈ బిగువే కావచ్చునని అనుమానం.

14. పాయలజడ (హైదరాబాద్)

బిగించిన మాట నిజమే. చిన్నప్పుడు బడికి వెళ్లే ముందు మా అమ్మ నాకు వేసిన జడలాగే బిగించాను.

ఇంకో చిక్కు ఉంది. రెండు రొట్టెలు చేయాలంటున్నారు, మా ఓటీజీలో ఒకటే పడుతుంది. రెండవది ఎదురుచూసే అరగంటలో అతిగా పొంగిపోదా?

15. రమత్‌గన్_వంటిల్లు (ఇజ్రాయెల్)

పొంగిపోతుంది, అందుకే రెండవదాన్ని అల్లగానే ఫ్రిజ్‌లో పెట్టి, మొదటిది ఓవెన్‌లోకి వెళ్లేటప్పుడు బయటికి తీయండి. మా వంటింటి ఓవెన్ కూడా చిన్నదే, నేను ప్రతి వారం చేసే పని ఇది. గుడ్డు పూత రెండుసార్లు వేయండి. అల్లగానే ఒకసారి, ఓవెన్‌లో పెట్టే ముందు మరోసారి, సందుల్లోకి చిన్న కుంచెతో వెళ్లేలా.

ఇక్కడ ఈ పనికంతటికీ గడువు ఒకటుంది. షబ్బాత్ ప్రవేశించాక నిప్పు రాజేయకూడదు, వండకూడదు, కాల్చకూడదు. దీపాలు వెలిగించేది సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, యెరూషలేములో అయితే 40 నిమిషాల ముందు. శీతాకాలంలో నాలుగున్నర దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది, కాబట్టి ఉదయం ఏడింటికి పిండి కలపకపోతే పని తెమలదు. మధ్యాహ్నం కల్లా బజారు మూస్తారు, చాలా ఊళ్లలో బస్సులు ఆగిపోతాయి, అప్పటికి వీధంతా కాలిన రొట్టె వాసన వస్తుంటుంది. షబ్బాత్‌లో మూడు భోజనాలు, మూడింటికీ రెండేసి రొట్టెలు కావాలి. మా దగ్గర మూడవ పూటకు చిన్న బన్నులే ఉంటాయి.

16. పాయలజడ (హైదరాబాద్)

ఫలితం చెప్పడానికి వచ్చాను. విజయవాడ కొలతతో, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచిన పిండితో, ఆరు పాయలుగా వదులుగా అల్లి, 48 నిమిషాలు ఆగి, 175 డిగ్రీల దగ్గర 27 నిమిషాలు కాల్చాను. లోపల ఉష్ణమాపకం గుచ్చితే 89 డిగ్రీలు చూపింది. రంగు పండిన ఈత పండులా వచ్చింది. కోస్తే పోగులు పోగులుగా విడిపోయింది, తడి ఎక్కడా లేదు.

అతిథిని ముందే అడిగించాము. తాను నియమాలు కొన్ని పాటిస్తాననీ, మాంసం లేని శాకాహార భోజనమైతే తమకు అభ్యంతరం లేదనీ, రొట్టెలో పాలు మాత్రం వద్దనీ చెప్పారు. వచ్చాక రెండు రొట్టెల మీదా నా కంచి చేనేత తువ్వాలు కప్పి ఉండడం చూసి, రొట్టె సిగ్గుపడుతుందన్న కథ మీకెలా తెలుసని అడిగారు. గుంటూరు మాస్టారి పేరు చెప్పలేదు గాని పుణ్యం ఆయనదే. కోసేటప్పుడు కత్తి పక్కన పెట్టి చేత్తో తుంచి, ఉప్పులో అద్ది అందరికీ ఇచ్చారు. మా ఇంట్లో ఉన్నది కల్లుప్పు, కొంచెం దంచి పెట్టాల్సిందని తరువాత అనిపించింది.

రెండవ రొట్టె సగం మిగిలింది. ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

17. ఓటీజీ_ప్రయోగశాల (విజయవాడ)

మన ఎండల్లో బయట రెండు రోజులకు మించి ఉంచవద్దు. ఫ్రిజ్ అరలో పెడితే రొట్టె ఇంకా త్వరగా గట్టిపడుతుంది, కాబట్టి ముక్కలు కోసి, గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో పెట్టండి. నెల వరకు బాగుంటుంది. తినే ముందు పెనం మీద వెచ్చబెడితే చాలు.

మీరు పెట్టిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎడమ చివర, పాయలను మడిచి కిందికి తోసిన చోట, బియ్యపు గింజంత చీలిక ఒకటి కనబడుతోంది. అక్కడ పూత అందలేదు. వచ్చే వారం కుంచెను ఆ మడత కిందికి కూడా పోనివ్వండి.